పాట రికార్డింగ్ 96లో చేయాలా, 48 చాలా?

స్వరపేటిక: ఇన్నాళ్లూ 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులోనే, అంటే ధ్వనిని సెకనుకు 48 వేల సార్లు కొలిచే లెక్కలోనే, పాడాను. ఈమధ్య 96లో పాడితే హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకు దగ్గరగా వినిపించింది. మా మిక్సింగ్ ఆయన మాత్రం 96 దండగ అంటున్నారు. మీరేమంటారు?

మిక్స్‌డెస్క్: దండగే. శాంపిల్ రేటులో సగం లోపు ఉన్న ధ్వని అంతా పూర్తిగా తిరిగొస్తుంది. 48కి అది 24 వేల హెర్ట్జ్. మనిషి చెవి 20 వేలు దాటి వినదు. 96 పెడితే ఫైలు రెండింతలవుతుంది, అంతే.

ఆరుతీగలు: సెకనుకు 48 వేల ముక్కలేగా? ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్నది పోయినట్టే కదండీ?

మిక్స్‌డెస్క్: పోదు. స్క్రీన్ మీద మెట్లలా గీసి చూపిస్తారు గానీ, స్పీకర్‌కి వెళ్లే అలలో మెట్లు ఉండవు. అంకెల్ని తిరిగి ధ్వనిగా మార్చే కన్వర్టర్‌లోని ఫిల్టర్ దాన్ని నున్నగా చేస్తుంది.

ఆరుతీగలు: మెట్లు లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు చూపిస్తారు మరి?

సింథ్‌పిచ్చి: మెట్ల సంగతి వదిలేయండి. 7 వేల హెర్ట్జ్ ధ్వనికి డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చేసే ఎఫెక్టు) వేస్తే ఐదో హార్మోనిక్, అంటే ఐదు రెట్ల ధ్వని, 35 వేల దగ్గర పుడుతుంది. 48లో దానికి చోటు లేదు, 13 వేలకు మడత పడుతుంది. అది ఏ స్వరానికీ చెందని చప్పుడు. 96లో ఈ బాధ చాలా తగ్గుతుంది.

మిక్స్‌డెస్క్: దానికి ప్లగిన్‌లో (ఎఫెక్టు వేసే చిన్న సాఫ్ట్‌వేర్‌లో) ఓవర్‌శాంప్లింగ్ ఉంది, ఆ ఎఫెక్టు వరకే రేటు పెంచి మళ్లీ దించుతుంది. పాట మొత్తం 96లో పెట్టక్కర్లేదు. మొన్న ఒకరు 96లో 40 ట్రాకులు పంపారు. నా కంప్యూటర్ ఆగి ఆగి నడిచింది. తీరా చూస్తే లెవెల్ మించిపోయి గొంతు ట్రాకే క్లిప్ అయి ఉంది! "96లో చేశాం కదా, బాగు చేయండి" అన్నారు. తల తెగిన అలని ఏ రేటూ తిరిగి తేలేదు. 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలో చెప్పే అంకె) పెట్టుకుని లెవెల్ కాస్త తగ్గించి పాడితే సరిపోయేది. గాయకులు ఇవి నేర్చుకోరు, పెద్ద అంకె కనిపిస్తే చాలు.

స్వరపేటిక: నా ట్రాకులు ఎప్పుడూ క్లిప్ కాలేదు. ఎవరో చేసిన తప్పుకి నన్నెందుకు అంటున్నారు? ఒక స్టూడియోలో మూడు గంటలు మొత్తుకున్నాను, నా గొంతు నాకు ఆలస్యంగా వినబడుతోంది, శ్రుతి నిలవడం లేదని. మీ భ్రమ అన్నారు. 96కి మార్చగానే సర్దుకుంది. నేను 20 వేల హెర్ట్జ్ గురించి అడగడం లేదు, పాడటం గురించి అడుగుతున్నాను.

మిక్స్‌డెస్క్: బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టి పంపే శాంపిళ్ల సంఖ్య, ఎంత పెట్టారు?

స్వరపేటిక: 256. దాన్ని మార్చలేదు.

మిక్స్‌డెస్క్: అయితే కారణం అదే. 256 శాంపిళ్లంటే 48లో 5.3 మిల్లీసెకన్లు, 96లో 2.7. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. 48లోనే బఫర్ 128 చేస్తే అంతే తగ్గుతుంది.

స్వరపేటిక: అంటే ఆలస్యం నిజమే కదా?

మిక్స్‌డెస్క్: నిజమే. మీ గొంతు ఎముకల గుండా మీకు వెంటనే చేరుతుంది, హెడ్‌ఫోన్‌లోది వెనక వస్తుంది. రెండూ కలిస్తే గొంతు డొల్లగా అనిపిస్తుంది. వినేవాళ్లకి తెలియదు, పాడేవాళ్లకే తెలుస్తుంది.

స్వరపేటిక: ఆ రోజు బఫర్ ఎంతని ఒక్కరూ అడగలేదండీ.

మిక్స్‌డెస్క్: అడగాల్సింది. ఫైళ్లు మాత్రం 48లోనే పంపండి.

స్వరపేటిక: 128 పెట్టి పాడి చూస్తాను. శ్రుతి నిలిస్తే 48, లేకపోతే 96లోనే పంపుతాను.