బంజారాహిల్స్‌లో మొదట కాపురం పెట్టిందెవరు?

రాతిగుట్ట: మా వీధి పార్కులో 'తొలి నివాసులు' అని శిలాఫలకం పెడుతున్నారు. మొదటి పేరు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. నాకైతే సబబే అనిపించింది. ఊరికి దూరంగా, బండలు తప్ప ఏమీ లేని చోట ఆ బండల మధ్యే ఇల్లు కట్టుకున్న మనిషి. 1933లో టాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఈ గుట్టల మీదికీ వచ్చారు. మీరేమంటారు?

గోర్‌బిడ్డ: జవాబు పేరులోనే ఉంది కదన్నా. బంజారాలు లేకుండా బంజారాహిల్స్ ఎక్కడిది?

రాతిగుట్ట: ఆ పేరు పెట్టింది కూడా నవాబు గారే తమ్ముడూ.

గోర్‌బిడ్డ: కాదనను. ఎవరిని చూసి పెట్టారు?

పాత ఇరానీ చాయ్: ఈయనే కదా 1960లో గుజరాత్‌కి మొదటి గవర్నరయింది? మన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఆయన పేరే.

రాతిగుట్ట: అవును, ఆయనే. తమ్ముడూ, 'నివాసి' అంటే ఇల్లు, పట్టా, ఇంటి నంబరు ఉండాలి. గుడిసె వేసుకుని నాలుగు నెలలకు పశువులతో వెళ్లిపోయేవాళ్లను నివాసులంటామా?

గోర్‌బిడ్డ: నాలుగు నెలలని మీకెవరు చెప్పారు? మా నాయనమ్మ ఈ గుట్ట మీదే పుట్టింది. పెద్ద బంగళాలు లేచేటప్పుడు కంకర మోసింది. తర్వాత ఒకాయన కాగితం తెచ్చి, ఈ జాగా నాది, ఖాళీ చేయమన్నాడు. కాగితం లేనోళ్లు నివాసులు కాదంటే, కాగితం ఎవరి చేతిలో ఉండేదో కూడా చెప్పండి.

స్టూడియో వీధి: అసలు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చాకే కదా ఇటువైపు జనం చూసింది. నాగేశ్వరరావు గారి పేరు లేని ఫలకం ఎందుకు? రామారావు గారు కన్నుమూసింది కూడా బంజారాహిల్స్ ఇంట్లోనే.

రాతిగుట్ట: అది 'ప్రముఖులు' అని ఇంకో ఫలకంలో వస్తుంది. ఇక్కడ విషయం 'తొలి'.

బండరాయి: తొలి అంటే ఈ బండలే. రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడ్డవి. వాటి పేరు రాయండి, గొడవ వదులుతుంది.

గోర్‌బిడ్డ: రాతిగుట్ట అన్నా, సూటిగా అడుగుతున్నా. నవాబు గారి తర్వాత ఎవరి పేర్లున్నాయి?

రాతిగుట్ట: పాత కుటుంబాలవి.

గోర్‌బిడ్డ: అందులో మీది ఉందా?

రాతిగుట్ట: ఉంది. మా నాన్నగారు 1971లో ప్లాటు కొన్నారు. నల్లా లేదు, కరెంటు లేదు, రాత్రయితే నక్కలు. జీతంలో సగం ఈ గోడలకే పోసి, పిచ్చోడు రాళ్లు కొన్నాడని చుట్టాల చేత అనిపించుకున్నారు. ఇప్పుడు ఇక్కడ ధరలు చూసి అందరూ మమ్మల్ని దొరల కింద జమకడితే కడుపు మండుతుంది. ఆయన పేరు ఒక్క రాతి మీద ఉంటే తప్పా?

గోర్‌బిడ్డ: తప్పు కాదన్నా. 1971లో మీ నాన్నగారు 'తొలి' అయితే, అంతకుముందే పుట్టిన మా నాయనమ్మ ఏమవుతుంది? నాకదొక్కటే కావాలి.

పాత ఇరానీ చాయ్: ఒకవైపు నాన్న, ఇంకోవైపు నాయనమ్మ. నవాబు గారిని ఎప్పుడో మరిచిపోయారు మీరిద్దరూ.

రాతిగుట్ట: సంఘం వాళ్లు పేరుకి యాభై వేలు తీసుకుంటున్నారు. మీవాళ్లూ కట్టొచ్చు, వద్దని ఎవరన్నారు?

గోర్‌బిడ్డ: ఈ ముక్క మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

బండరాయి: ఇంతకీ ఫలకం ఏ రాయి?

రాతిగుట్ట: గ్రానైట్. కరీంనగర్ నుంచి తెప్పిస్తున్నారు.

బండరాయి: గుట్ట మీద ఒక్క రాయి కూడా మిగల్లేదా?