ఆర్‌సీఎస్ (రాడార్‌కి వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తుందో) కొలతలో మోడల్ తోక వెనక 10 సెం.మీ. దగ్గర పీక్: ఎక్కడిది?

హ్యావ్ బ్లూ (రాడార్‌కి చిక్కకుండా అమెరికా చేసిన ప్రయోగ విమానం) తరహాలో పలకలు పలకలుగా ఉన్న 25 సెం.మీ. మోడల్‌ని అనెకోయిక్ (గోడల నుంచి రేడియో తరంగాలు తిరిగిరాని) చాంబర్‌లో కొలుస్తున్నాం. లోపల డొల్లగా ఉన్న త్రీడీ ప్రింట్, పైన రాగి టేపు, కింద థర్మోకోల్ స్తంభం. యాంటెన్నాకి దూరం 5.5 మీ.; 12 గిగాహెర్ట్జ్ దగ్గర, తరంగాలు దాదాపు చదునుగా చేరే ఫార్ ఫీల్డ్‌కి 5 మీ. చాలు. స్వీప్ 8–12 గిగాహెర్ట్జ్, 801 పాయింట్లు. కాలిబ్రేషన్‌కి 15 సెం.మీ. వ్యాసం ఉన్న లోహపు గోళం, దాని −17.5 డీబీఎస్ఎం (చదరపు మీటరుతో పోల్చిన డెసిబెల్స్) సరిగ్గానే వస్తోంది.

ముక్కు ఎదురుగా పెడితే సిమ్యులేషన్ −38 అంటోంది, కొలత మాత్రం −27. సిగ్నల్ ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో చూపే టైమ్ డొమైన్‌లో దొంగ ఒక్కటే: తోక అంచు దాటాక 10 సెం.మీ. వెనక ఒక పీక్. రిజల్యూషన్ 3.75 సెం.మీ., పక్క పీకులు తగ్గించే విండో వేసినా 6 లోపే. అంటే తోక పీకే అటు జరిగిందనుకోలేం.

ఖాళీ స్తంభం −46 ఇచ్చింది. ఆ బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా పీక్ అలాగే ఉంది. అతుకులు మళ్లీ రుద్దాం, స్క్రూ తలలు టేపుతో కప్పాం (హ్యావ్ బ్లూని మూడు వదులు స్క్రూలే రాడార్‌కి పట్టించాయంటారు కదా). తేడా అర డీబీ. నిలువు, అడ్డం పోలరైజేషన్లు వీవీ, హెచ్‌హెచ్ రెండింట్లోనూ దాదాపు ఒకే స్థాయి, కాబట్టి ఉపరితలం వెంట పాకే ట్రావెలింగ్ వేవ్ అనుమానం వదిలేశాం. గేట్ (లెక్కలోకి తీసుకునే సమయపు పరిధి) బిగిస్తే పీక్ మాయమవుతుంది, కానీ అది మోడల్‌దే అయితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

మిగిలినవి రెండు: మోడల్ అడుగుకీ స్తంభానికీ మధ్య రెండో బౌన్స్, లేదా టేపు సందుల్లోంచి డొల్లలోకి దూరి ఆలస్యంగా బయటికొచ్చే సిగ్నల్. మోడల్ విప్పకుండా, ఏ ఒక్క కొలతతో ఈ రెండింట్లో ఏదో తేల్చవచ్చు?