మార్క్స్‌ని చదవాలంటే ముందు హెగెల్ తప్పదా?

కొత్త చదువరి:
మేం ఆరుగురం ఆదివారాలు కలిసి చదువుతున్నాం. కమ్యూనిజం తాత్విక మూలాల నుంచి వద్దామని మార్క్స్ కంటే ముందు తరం జర్మన్ తత్వవేత్త హెగెల్ రాసిన తర్కశాస్త్రం పుస్తకం పట్టుకున్నాం. మూడు నెలలైంది, 40వ పేజీ దాటలేదు. ఇద్దరు రావడం మానేశారు. మాలో పెద్దాయన మాత్రం హెగెల్ రాకుండా మార్క్స్ రాసిన కాపిటల్ ముట్టుకుంటే అక్షరాలు రాకుండా పేపరు పట్టుకున్నట్టే అంటారు. నిజమేనా?

గతితర్కం:
ఆ మాటకి పెద్ద అండే ఉందండీ. 1914లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హెగెల్ మీద నోట్సు రాసుకుంటూ లెనిన్ ఇంచుమించు ఇదే అన్నాడు. తర్కశాస్త్రం మొత్తం అర్థం కాకుండా కాపిటల్, అందులోనూ మొదటి అధ్యాయం, పూర్తిగా అందదని. హెగెల్ దగ్గర గతితర్కం, అంటే వైరుధ్యాల గుండానే మార్పు వస్తుందనే ఆలోచనా పద్ధతి, తలకిందులుగా ఉంది, దాన్ని తిరగెయ్యాలి అన్నాడు మార్క్స్ 1873లో. తిరగెయ్యాలన్నా ముందు అదేమిటో తెలియాలిగా.

కట్టెలమోపు:
లెనిన్ 1899లోనే రష్యాలో పెట్టుబడిదారీ విధానం ఎలా పెరిగిందో అంత లావు పుస్తకం రాశాడు. అంటే ఆయన కాపిటల్ చదివి వాడుకున్నది ముందు, బెర్న్‌లో హెగెల్ నోట్సు రాసుకున్నది తర్వాత. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నన్నడిగితే 1842 నుంచి మొదలుపెట్టండి. మార్క్స్‌కి అప్పుడు 24 ఏళ్లు. డాక్టరేటు వచ్చింది, యూనివర్సిటీలో ఉద్యోగం రాలేదు. జర్మనీలోని కొలోన్‌లో రైనిష్ జైటుంగ్ పత్రికలో చేరాడు. అంతకు ముందు ఏడాదే రైన్ ప్రాంత సభలో కట్టెల దొంగతనం మీద ఒక చట్టం చర్చకొచ్చింది. కింద రాలిన ఎండుపుల్లలు ఏరుకున్నా దొంగతనమేనట. ఆ పుల్లల విలువ కట్టేది అడవి యజమాని దగ్గర జీతం తీసుకునే కాపలాదారు. జరిమానా వెళ్లేదీ యజమాని జేబులోకే. రాలిన పుల్లకి చెట్టుతో సంబంధం తెగిపోయాక చెట్టు సొంతదారుకి దాని మీద హక్కేమిటని మార్క్స్ వరసగా వ్యాసాలు రాశాడు.

మా అమ్మమ్మ పుల్లలకి వెళ్తే గార్డు కొడవలి లాక్కుని, మోపు విప్పించి అక్కడే పారబోయించాడు. తాడు మాత్రం చేతికిచ్చి పంపాడు. ఆ వ్యాసాలు చదువుతున్నప్పుడు నాకు జర్మనీ గుర్తు రాలేదు.

తనని మొదటిసారి ఆర్థిక విషయాల వైపు నెట్టింది ఇలాంటి గొడవలేనని 1859లో తన అర్థశాస్త్ర విమర్శ పుస్తకం ముందుమాటలో మార్క్సే రాసుకున్నాడు.

గతితర్కం:
అమ్మమ్మగారి సంగతి బాధగా ఉంది. కానీ ఆ వ్యాసాల్లో మార్క్స్ వాదించింది ఎలా? రాజ్యం అందరిదీ, అడవి యజమానికి నౌకరు కాకూడదు అని. అది హెగెల్ చెప్పిన రాజ్యమే కదా! ఆ వాదన పనిచెయ్యలేదు. 1843 మార్చి ఆఖరుకి పత్రికే మూతపడింది. ఆ వేసవిలో క్రొయిజ్‌నాఖ్ అనే ఊళ్లో కూర్చుని హెగెల్ రాజ్య సిద్ధాంతాన్ని పేరా పేరా ఎత్తి రాసుకుంటూ ఉతికేశాడు. మనిషే దేవుణ్ణి తయారుచేసుకున్నాడని 1841లో ఫాయర్‌బాఖ్ అనే జర్మన్ తత్వవేత్త అన్నాడు. మార్క్స్ అదే తీరున రాజ్యాన్ని కిందికి దించాడు. రాజ్యం సమాజాన్ని పుట్టించలేదు, సమాజమే రాజ్యాన్ని పుట్టించిందని. ఆ పని జరక్కపోతే మీ కట్టెల వ్యాసాలు మంచి సంపాదకీయాలుగా మిగిలేవి.

చింతచెట్టు కింద:
అసలు మూలం ప్లేటో కదా? ఉమ్మడి ఆస్తి ఆయనే చెప్పాడు.

కట్టెలమోపు:
పాలించేవాళ్లకీ సైనికులకీ మాత్రమేనండీ. రైతులూ చేతిపనివాళ్లూ ఎవరి ఆస్తి వాళ్లే ఉంచుకోవచ్చు.

అటకమీది పుస్తకం:
గ్రీసు దాకా వెళ్లాలనుకుంటే ప్లేటో దగ్గర కాదు, ఎపిక్యురస్ దగ్గర ఆగండి. 1841లో మార్క్స్‌కి యెనా యూనివర్సిటీలో డాక్టరేటు వచ్చింది డెమోక్రిటస్, ఎపిక్యురస్ అనే ఇద్దరు గ్రీకు తత్వవేత్తల ప్రకృతి తత్వాల తేడా మీదే. డెమోక్రిటస్ పరమాణువులది అంతా అనివార్యత. ఎపిక్యురస్ పరమాణువు పడుతూ పడుతూ రవ్వంత పక్కకి తప్పుకుంటుంది. ఆ రవ్వంతలోనే మార్క్స్‌కి స్వేచ్ఛ కనిపించింది. అయితే దీన్నే కమ్యూనిజానికి మొదలు అనలేను. అప్పటికి ఆయన కమ్యూనిస్టు కాడు.

కట్టెలమోపు:
గతితర్కం గారూ, క్రొయిజ్‌నాఖ్ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ చూడండి, ఆయన హెగెల్‌తో కుస్తీకి దిగింది పుల్లల దగ్గర దెబ్బ తిన్నాకే. నేననేది ఆ వరసలోనే చదవమని. ఆ ఆరుగురి చేతా ముందే 40 పేజీలు మోయిస్తే మిగతా నలుగురూ పోతారు.

గతితర్కం:
వరస మీ ఇష్టం. క్రొయిజ్‌నాఖ్ దగ్గర మాత్రం దాటెయ్యొద్దు.

కొత్త చదువరి:
ఈ ఆదివారానికి కట్టెల వ్యాసాలు ఆరు కాపీలు జిరాక్స్ తీయించాను. మానేసిన ఇద్దరికీ ఫోన్ చేశా, ఒకరు వస్తానన్నారు. పెద్దాయనకి ఇంకా చెప్పలేదు, అదొక్కటే టెన్షన్.