ఎం.ఎడ్. డిజర్టేషన్‌కు టూల్ (ప్రశ్నావళి, పరీక్ష లాంటి కొలత సాధనం) సొంతంగా తయారు చేయాలా, ఉన్నదే వాడుకోవాలా?

పలకా బలపం
సూటిగా చెప్తాను. ఎం.ఎడ్. స్థాయిలో ‘పరిశోధకుడు స్వయంగా తయారు చేసిన వైఖరి మాపని’ అనే తంతు ఆపేయాలి. వాడుకలో ఉన్న టూల్‌ని రచయిత అనుమతితో తీసుకుని, మిగిలిన టైము శాంపిల్ మీద, విశ్లేషణ మీద పెట్టించాలి. టూల్ తయారీని పీహెచ్‌డీకి వదిలేద్దాం.

కారణం క్యాలెండరే. బడులు జూన్‌లో తెరుస్తారు. మొదటి నెలంతా అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ. మధ్యలో దసరా సెలవులు. సంక్రాంతి దాటాక వెళ్లి పదో తరగతికి ఒక పీరియడ్ ఇవ్వమంటే ఏ హెచ్ఎం ఇస్తారు? డేటాకు నికరంగా దొరికేది జులై నడిమి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. సొంత టూల్ అంటే బడికి రెండుసార్లు పోవాలి, ట్రైఔట్‌కి (ముందస్తుగా కొద్దిమందికి ఇచ్చి చూడటానికి) ఒకసారి, అసలు డేటాకి ఒకసారి. డీఈవో ఆఫీసు అనుమతి కాస్త ఆలస్యమైందా, ట్రైఔట్ 30 మందితో సరిపెట్టేసి ఆ 30 మందినే ఫైనల్ శాంపిల్‌లో కలిపేస్తారు. మూడో అధ్యాయంలో మాత్రం ‘టూల్ విశ్వసనీయత, సప్రమాణత నిర్ధారించడమైనది’ (మళ్లీ కొలిచినా అదే వస్తుంది, కొలవాల్సిందే కొలుస్తోంది) అని ఒక్క వాక్యం. ఎంత వచ్చింది, ఏ పద్ధతిలో, ఎవరి మీద? ఏమీ ఉండదు.

నల్లబల్ల
ఒప్పుకోను సార్. ఒక్క అంశం కూడా సొంతంగా రాయనివాళ్లకి, 112 మార్కుల వైఖరి స్కోరు అంటే అసలేంటో ఎప్పటికీ తెలియదు.

పని పెద్దదే, కొండంత మాత్రం కాదు. వైఖరికి ఐదు కోణాలు (ఉపభాగాలు) అనుకుంటే కోణానికి పది చొప్పున 50 వాక్యాలు రాయండి. సబ్జెక్టు తెలిసిన పదిమందికి ఇచ్చి ఒక్కో వాక్యం ‘తప్పనిసరా, కాదా’ అని అడగండి. లాషీ 1975లో ఇచ్చిన లెక్క చాలా సులువు: ‘తప్పనిసరి’ అన్నవాళ్లలోంచి ప్యానెల్‌లో సగాన్ని తీసేసి, ఆ సగంతోనే భాగించడం. ఎనిమిదిమంది సరేనంటే (8–5)/5, అంటే 0.60. పదిమంది ప్యానెల్‌కి కనీసం 0.62 కావాలి కాబట్టి ఆ వాక్యం పోతుంది. తొమ్మిదిమంది అంటే 0.80, ఉంటుంది. ‘నిపుణులకు చూపించి సలహాలు స్వీకరించితిమి’ అనేదానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

మిగిలిన వాక్యాలతో 100 మంది పిల్లలకి ట్రైఔట్. పేపర్లని మొత్తం స్కోరు ప్రకారం పేర్చి, పైనున్న 27, కిందున్న 27 విడదీసి, వాక్యానికొక టి విలువ (రెండు గుంపుల సగటుల తేడా ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) కట్టడం. 1.75 రానివి తీసేయడం. ఎక్సెల్‌లో ఒక పూట పని.

మూడో సెమ్
27 శాతమే ఎందుకండీ? కొన్ని థీసిస్‌లలో 25 అని ఉంది.

నల్లబల్ల
కెల్లీ 1939లో చూపించిన సంగతి అది. స్కోర్లు సాధారణ వితరణలో (మధ్యలో ఎక్కువమంది, కొసల్లో తక్కువమంది) ఉంటే, రెండు కొసలూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి, ఒక్కో కొసలో తగినంత మందీ ఉండాలి. ఈ రెండిటికీ రాజీ 27 దగ్గర కుదురుతుంది. 25 తీసుకున్నా కొంప మునగదు. మునిగేది ట్రైఔట్ 30 మందితో చేసినప్పుడే. అందులో 27 శాతమంటే ఎనిమిదిమంది. 1.75 అనే గీటురాయి ఒక్కో గుంపులో కనీసం 25 మంది ఉన్నప్పటి మాట.

గుణింతం
ఇద్దరూ ఒక సంగతి దాటేస్తున్నారు. పలకా బలపం గారు ‘ఉన్న టూల్’ అంటున్నది మన పిల్లల కోసం రాసింది కాదు. ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటుంది. దాన్ని తెలుగులోకి తేగానే అది కొత్త టూలే. మాన్యువల్‌లో వేసిన విశ్వసనీయత 0.87 మీ తెలుగు ప్రతికి వర్తించదు, నార్మ్స్ (స్కోరు ఎక్కువో తక్కువో పోల్చిచూసే పట్టికలు) అసలే వర్తించవు. ఆ నార్మ్స్ ఏ రాష్ట్రం పిల్లలవి, ఏ ఏటివి అని కూడా చూడకుండా పట్టిక దించేస్తున్నారు.

ఒక్క వాక్యం తీసుకుందాం. గణిత ఆందోళన మాపనిలో ‘పరీక్ష రాసేటప్పుడు మనసు కుదుటగా ఉంటుంది’ అనే భావం ఉన్న ఇంగ్లిష్ వాక్యం ఉందనుకోండి. అనువాదంలో ‘లెక్కల పరీక్ష నాకు తేలిగ్గా ఉంటుంది’ అయి కూర్చుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు దీన్ని ‘పేపరు ఈజీ’ అని చదువుతాడు. మీరు కొలవాలనుకున్నది భయాన్ని, కొలిచింది పేపరు కష్టాన్ని.

అంతకంటే పెద్ద చిక్కు వ్యతిరేక వాక్యాలతో, అంటే ఒప్పుకుంటే ఆందోళన స్కోరు తగ్గాల్సిన వాక్యాలతో. ‘నాకు లెక్కలంటే భయం లేదు’ అని ఇచ్చి, పక్కన ‘అంగీకరించను’ అని గడి పెడతాం. భయపడే పిల్ల ‘లేదు, అంగీకరించను’ అని రెండుసార్లు తిప్పుకోవాలి. చాలామంది తిప్పుకోరు, ‘భయం’ అన్న మాట చూసి టిక్కు పెడతారు. స్కోరు తలకిందులు చేయాల్సిన వాక్యాలు రాయాలంటే ‘లేదు, కాదు, రాదు’ వాడకుండా రాయండి: ‘లెక్కల పీరియడ్‌లో నా మనసు హాయిగా ఉంటుంది’. మధ్య గడికి ‘తటస్థం’ అని పెట్టకండి, ‘చెప్పలేను’ అనండి. వాక్యంలోనే ‘అప్పుడప్పుడు’ అని పెట్టి పక్కన ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని అడగకండి, పిల్లలు దేనికి జవాబివ్వాలో తెలియక నలిగిపోతారు.

కాబట్టి అనువాదం ఒకరు చేయాలి. మూల ప్రతి చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన వాక్యాలు సరిచేయాలి. తర్వాత ఐదారుగురు పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ‘ఈ వాక్యం నీకేం అర్థమైంది?’ అని అడగాలి. ఆపైన ట్రైఔట్ ఎలాగూ తప్పదు. మరి మిగిలిన టైమెక్కడ సార్?

పలకా బలపం
ట్రైఔట్ తప్పదన్నది ఒప్పుకుంటున్నా. అయినా 50 వాక్యాలు పుట్టించి, పదిమంది నిపుణుల వెంట తిరిగే పని తప్పింది కదా. పైగా కోణాల విభజన ముందే పరీక్షకి నిలబడినది. సొంత టూళ్లలో ‘ఐదు కోణాలు’ అనేవి గైడ్ గారి గదిలో అరగంటలో పుట్టినవే.

లెక్కల పంతులు
టూల్ గురించి ఇంత కొట్టుకుంటున్నారు. పైనున్న నంబరు చూసి మోసపోవడం గురించి రెండు ముక్కలు.

60 వాక్యాల సొంత టూల్‌కి ఆల్ఫా (విశ్వసనీయతని చెప్పే సంఖ్య) 0.85 వచ్చిందని వైవాలో గర్వంగా చెప్తారు. వెనక్కి లెక్కేయండి: వాక్యాల మధ్య సగటు సహసంబంధం (రెండు వాక్యాల జవాబులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పేది) 0.09 కూడా రాదు. అంటే వాక్యాలు ఒకదానికొకటి దాదాపు అపరిచితులే. సంఖ్య పెంచితే ఆల్ఫా పెరుగుతుంది, అంతే. 20 వాక్యాలతో 0.80 వస్తే అందులో నిజంగా బలముంది, సగటు 0.17 దాకా ఉన్నట్టు. కోణాలున్న టూల్‌కి కోణానికొక ఆల్ఫా ఇవ్వాలి, మొత్తానికి ఒకటిచ్చి ఊరుకోకూడదు.

ఇంకొకటి, నా లెక్కలో ఇదే అసలు రోగం. ఎంత జనాభాకి ఎంత శాంపిల్ కావాలో చెప్పే క్రెజ్సీ, మోర్గన్‌ల 1970 పట్టిక చూసి జనాభా 10,000 అయితే 370 అని, ‘అందుకే 400 తీసుకున్నాం’ అంటారు. ఆ పట్టిక పిల్లల్ని ఒక్కొక్కరిగా చీటీ తీసినప్పటిది. మనవాళ్లు తీసేది బడిని. పది బడులు, బడికి 40 మంది. ఒకే బడి పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు. సాధన స్కోర్లలో (పిల్లలు నేర్చుకున్నదాన్ని కొలిచే పరీక్ష మార్కుల్లో) మొత్తం తేడాలో బడుల మధ్య తేడా వాటా 0.2 అనుకోండి. శాంపిల్ విలువ ఎన్ని రెట్లు పడిపోతుందంటే, 1 + (40–1) × 0.2 = 8.8. 400ని దానితో భాగిస్తే 45. మీ 400 మంది విలువ 45 మందికి సమానం. అవే 400 మందిని 40 బడుల నుంచి పదిమంది చొప్పున తెస్తే హారం 2.8, విలువ 143. బడులు పెంచండి, బడికి పిల్లల్ని తగ్గించండి. టూల్ ఎవరిదైనా సరే, ఈ తప్పుతో టి పరీక్ష చేస్తే లేని తేడాలు ‘0.05 స్థాయిలో సార్థకం’ (యాదృచ్ఛికంగా వచ్చింది కాదని నమ్మదగ్గ తేడా) అయిపోతాయి.

ఆ శూన్య పరికల్పనల (‘తేడా లేదు’ అని పెట్టుకునే ఊహల) జాబితా సంగతి కూడా: లింగం, ప్రాంతం, మాధ్యమం, యాజమాన్యం, తల్లి చదువు, తండ్రి చదువు. ఆరు పరీక్షలు 0.05 దగ్గర చేస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా కనీసం ఒకటి ‘సార్థకం’గా తేలే అవకాశం 26 శాతం (ఆరూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే). తర్వాత ఐదో అధ్యాయంలో ఆ ఒక్కదాని మీద రెండు పేజీల సూచనలు ప్రభుత్వానికి!

మూడో సెమ్
40 బడులు తిరగడం ఒక్కరివల్ల అవుతుందా సార్? ఛార్జీలకే సరిపోతాయి.

లెక్కల పంతులు
40 వద్దు, 20 చాలు తమ్ముడూ. బడికి 20 మంది, విలువ 83. మండలాన్ని బట్టి బడులు గుంపులుగా ఉంటాయి, రోజుకి రెండు చొప్పున పది పనిదినాలు. యూడైస్ (ప్రభుత్వం బడుల వివరాలు ఉంచే డేటాబేస్) జాబితా నుంచి మండలంలోని బడులన్నీ రాసుకుని యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుకో. ‘తెలిసిన హెచ్ఎం ఉన్న బడి’ని యాదృచ్ఛిక నమూనా అని రాయకు, సౌలభ్య నమూనా అనే రాయి. వైవాలో దానికి ఎవరూ తల తీయరు.

నల్లబల్ల
పలకా బలపం గారి వాదన సాధన పరీక్షకి వర్తించదని కూడా రాసుకోండి. ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రంలో ‘బలం’ పాఠం మీద ప్రయోగాత్మక అధ్యయనం చేస్తే, ఆ పాఠానికి బయట నుంచి టెస్టు ఎవరిస్తారు? బ్లూప్రింట్ వేసి సొంతంగా రాయాల్సిందే. పై 27 మందిలో 21 మంది, కింది 27 మందిలో 9 మంది సరిగ్గా రాస్తే కఠినత సూచిక (ఎంతమంది సరిగ్గా రాశారో) 30/54, అంటే 0.56, విచక్షణ (పైవాళ్లకీ కిందివాళ్లకీ ఉన్న తేడా) 12/27, అంటే 0.44. ఉంచుకోదగ్గ ప్రశ్న. కిందివాళ్లే ఎక్కువమంది సరిగ్గా రాస్తే ముందు ‘కీ’ తప్పేమో చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

పలకా బలపం
సాధన పరీక్షకి ఒప్పుకుంటున్నా, నా మొదటి మాటలో ఆ తేడా చెప్పకపోవడం పొరపాటే. వైఖరి, ఆందోళన, ఆత్మభావన లాంటి వాటికి మాత్రం నా మాట నాదే: ఉన్నది తీసుకోండి, గుణింతం గారు చెప్పినట్టు తెలుగు చేయండి, ట్రైఔట్ వంద మందితో, ఫైనల్‌లో లేని బడుల్లో చేయండి. అనుమతి కోరిన ఈమెయిల్, రచయిత జవాబు అనుబంధంలో పెట్టండి.

గుణింతం
పిల్లలు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం కూడా. తెలుగులో, ఒక పేజీ మించకుండా. ప్రశ్నపత్రం మీద పేరు గడి తీసేయండి, నంబరు చాలు. పేరు రాయమంటే ‘మా సారు చూస్తారేమో’ అని అందరూ ‘పూర్తిగా అంగీకరిస్తాను’కే టిక్కు పెడతారు.