కాలేజీల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి, ఇది రిక్రూటింగేనా?

డల్లాస్_నాన్న:
మా వాడు పదో తరగతి. ఆరడుగుల ఒక అంగుళం, స్కూల్ వర్సిటీ టీమ్‌లో, అంటే మెయిన్ టీమ్‌లో, పాయింట్ గార్డ్ (బంతి నడిపించి ఆట ఆడించేవాడు). ఈ ఏడాది మూడు కాలేజీల బాస్కెట్‌బాల్ ప్రోగ్రామ్‌ల నుంచి ఉత్తరాలొచ్చాయి. మూడింట్లోనూ వేసవి క్యాంపుకి రమ్మని, కింద ఫీజు ఎంతో రాసి ఉంది. వాడు అప్పుడే ఒక కాలేజీ టోపీ కొనమంటున్నాడు. నేను క్రికెట్ తప్ప ఇంకోటి చూడకుండా పెరిగినవాణ్ణి. అసలు కోచ్‌లు పిల్లల్ని ఎలా ఎంచుకుంటారు? ఏఏయూ టీమ్ అని స్కూల్ బయట డబ్బు కట్టి ఆడే క్లబ్ టీమ్‌లున్నాయట, వాటికి అంతంత డబ్బు పోయాలా?

గార్డ్_అమ్మ:
టోపీ కొనకండి. అలాంటి ఉత్తరాలు మా ఇంట్లో ఒక షూ పెట్టె నిండా ఉన్నాయి.

డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) మెన్స్ కోచ్‌లు, పిల్లాడి పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా వాడికి ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. అంతవరకు పంపగలిగేది క్యాంపు కాగితాలూ, నింపి పంపమనే ఫారాలూ. మీకొచ్చినవి అవే. నిజంగా కావాల్సిన పిల్లలకి జూన్ 14 అర్ధరాత్రి దాటగానే ఫోన్లు మోగుతాయి. మా వాడు ఆ రాత్రి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున్న లేచి ఫోన్ పాడైందేమో చూడమన్నాడు. పాడవలేదు.

ఎలా ఎంచుకుంటారంటే, ముందు వాళ్లకి ఏం కావాలో చూసుకుంటారు. టీమ్‌లో ఇద్దరు మంచి పాయింట్ గార్డులుండి, వాళ్లలో ఒకడు ఫస్టియరే అయితే, మీ వాడు ఎంత ఆడినా అక్కడ చోటు లేదు. ఆ తర్వాతే ఆట. మా వాడు ఒక టోర్నమెంట్‌లో 22 పాయింట్లు కొట్టాడు, మేం పొంగిపోయాం. తర్వాత వాణ్ణి తీసుకున్న డివిజన్ త్రీ (కింది స్థాయి) కోచ్ ఆ మ్యాచ్ చూశాడట, కానీ పాయింట్ల మాటే ఎత్తలేదు. బంతి పోగొట్టుకున్నాక డిఫెన్స్‌కి ఎంత వేగంగా పరిగెత్తాడు, ఆట మధ్యలో తీసేసి బెంచి మీద కూర్చోబెడితే మొహం ఎలా పెట్టాడు, ఇవి రాసుకున్నాడు. చేతులు చాపితే ఎంత పొడుగో అడిగాడు. ఇంకా ఎదుగుతాడా అని మా ఆయన ఎత్తు కూడా చూశాడు! రిఫరీ మీద అరిచే తల్లిదండ్రులున్న పిల్లాణ్ణి వదిలేసిన కోచ్‌లు కూడా ఉన్నారని ఆయనే చెప్పాడు. నేను ఆ రోజు అరవలేదు, అదృష్టం.

ఏఏయూ సంగతి. సౌత్ కరోలైనాలో జూలైలో జరిగే నైకీ పీచ్ జామ్ టోర్నమెంట్‌కి పెద్ద కాలేజీల కోచ్‌లు వరస కడతారు, కానీ అది పై స్థాయి పిల్లలకి. డివిజన్ వన్ కోచ్‌లు వేసవిలో కొన్ని తేదీల్లోనే వచ్చి చూడొచ్చు, వాటిని లైవ్ పీరియడ్ అంటారు. మీ టీమ్ వాళ్లని ఒకటే అడగండి: మీరు వెళ్లే టోర్నమెంట్లలో లైవ్ పీరియడ్‌లో పడేవి ఎన్ని? మమ్మల్ని ఒక క్లబ్ ఏడాదంతా తిప్పింది, అలాంటిది ఒక్కటి కూడా లేదు.

హూప్స్_తమ్ముడు:
ఆంటీ, మరీ భయపెట్టేస్తున్నారు. ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగ్) స్టార్ స్టెఫెన్ కర్రీని, వాళ్ల నాన్న ఆడిన వర్జీనియా టెక్ కాలేజీ వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా, రమ్మంది. చిన్న కాలేజీ డేవిడ్‌సన్ తీసుకుంది, 2008లో ఎలీట్ ఎయిట్ దాకా, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిది టీమ్‌ల దాకా, వెళ్లారు.

గార్డ్_అమ్మ:
తమ్ముడూ, కర్రీ నాన్న ఎన్‌బీఏలో ఆడాడు. ఈయన క్రికెట్ అంటున్నారు. పైగా అప్పట్లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) లేదు. 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు. ఇప్పుడు కోచ్ ఉద్యోగం గెలుపు మీద ఉంది, పదిహేడేళ్ల పిల్లాడు ఎదిగేదాకా ఎందుకు ఆగుతాడు? వేరే కాలేజీలో మూడేళ్లు ఆడి రాటుదేలినవాణ్ణి తెచ్చుకుంటాడు. 2025 నుంచి పెద్ద కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు కూడా ఇస్తున్నాయి, టీమ్‌లో మాత్రం 15 మందే. హైస్కూల్ పిల్లలకి మిగిలే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే మార్కులు వదలకండి. డివిజన్ వన్ అర్హతకి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటివి) కావాలి, వాటిలో 10 సీనియర్ ఇయర్, అంటే పన్నెండో తరగతి, మొదలయ్యేలోపు అయిపోవాలి. డివిజన్ త్రీలో, ఐవీ లీగ్‌లో (హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలు) ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. అయినా కోచ్ మనవాణ్ణి కావాలనుకుంటే అడ్మిషన్ల ఆఫీసుకి ఒక మాట చెబుతాడు. మా వాడికి పనికొచ్చింది ఆ మాటే.

వీసా_బాధితుడు:
ఒక్క మాట. మీ అబ్బాయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే వీసా) మీదుంటే, పేరు, ఫొటో వాడుకోనిచ్చి తీసుకునే డబ్బుని ఉద్యోగం కింద లెక్కేసే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దేని మీదా సంతకం పెట్టొద్దు.

డల్లాస్_నాన్న:
అందరికీ థాంక్స్. టోపీ నిన్ననే కొనేశాం. మా వాడే కోచ్‌లకి మెయిల్ రాస్తానంటున్నాడు, పూర్తి మ్యాచ్ వీడియో కూడా పెట్టాలట కదా. గెలిచింది పంపాలా, బాగా ఆడి ఓడింది పంపాలా?

గార్డ్_అమ్మ:
ఓడింది పంపండి. మధ్యలో వాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టిన భాగం కూడా కత్తిరించకండి.