విండోస్ 7 డీటీపీ సిస్టమ్‌లో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి?

పేజ్‌మేకర్_పని:

అందరికీ నమస్కారం. డీటీపీ షాపులో వాడే సిస్టమ్ గురించి అడుగుతున్నాను. కోర్ 2 డ్యుయో, విండోస్ 7 32 బిట్. ర్యామ్ 4 జీబీ ఉన్నా ప్రాపర్టీస్‌లో 3.24 జీబీయే వాడకానికి చూపిస్తోంది. పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్ అన్నీ దీంట్లోనే సరిగ్గా నడుస్తున్నాయి. అందుకని విండోస్ మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు.

క్రోమ్ వెర్షన్ 109.0.5414.120. ఇకపై అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 ఉండాలని పైన పట్టీ వస్తోంది. కస్టమర్లు పెళ్లి కార్డుల మ్యాటర్, ఫొటోలు పంపే ఒక మెసేజింగ్ సైట్ ఒక్కోసారి తెల్ల పేజీగా ఆగిపోతోంది. బ్యాంకు సైట్ అయితే బ్రౌజర్ పాతదని లోపలికే రానివ్వడం లేదు.

అడగాల్సినవి మూడు. "విండోస్ 7కి లేటెస్ట్ క్రోమ్" అని ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు ఇచ్చే సైట్లను నమ్మొచ్చా? క్రోమ్ కాకపోతే ఇంకేది? బ్యాంకు పని ఈ సిస్టమ్‌లో చేసుకోవచ్చా?

---

తాళంచెవి:

మొదటిదానికి జవాబు: నమ్మొద్దు. గూగుల్ 2023 ఫిబ్రవరి 7న వదిలిన క్రోమ్ 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. ఆ తర్వాతి అసలు ఇన్‌స్టాలర్ ఏదీ విండోస్ 7 మీద ఎక్కదు. ఎవరైనా ఇచ్చింది ఎక్కిందంటే అది గూగుల్ వదిలిన క్రోమ్ కాదన్నమాట. ఎడ్జ్‌దీ ఇదే సంగతి. క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం అనే ఓపెన్ సోర్స్ బ్రౌజరే దీనికీ ఆధారం కాబట్టి విండోస్ 7లో అదీ 109 దగ్గరే ఆగింది.

రిజిస్ట్రీలో ఒక పాలసీ పెడితే ఆ పట్టీ కనపడకుండా పోతుంది. కానీ దయచేసి ఆ పని చెయ్యకండి. పట్టీ పోయినా లోపాలు అక్కడే ఉంటాయి. మీ షాపుకి బాగా వర్తించే ఉదాహరణ చెప్తాను. వెబ్‌పీ బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో 2023 సెప్టెంబరులో పెద్ద లోపం బయటపడింది, దాని నంబరు సీవీఈ-2023-4863. కావాలని తయారుచేసిన ఒక బొమ్మ పేజీలో కనపడితే చాలు, సిస్టమ్‌లోకి దారి దొరుకుతుంది. దాన్ని అప్పటికే దాడుల్లో వాడుతున్నారు కూడా. ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కువకాలం భద్రతా మరమ్మతులు అందే ఈఎస్ఆర్ అనే శాఖలో, 115.2.1 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. మీ దగ్గరున్న 109 మాత్రం ఆ ఏడాది జనవరి నాటిది. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ల బొమ్మలు తెరిచే వ్యాపారానికి ఆ వెర్షన్ అస్సలు పనికిరాదు.

రెండోదానికి జవాబు ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్. విండోస్ 7, 8, 8.1లకు మొజిల్లా ఇచ్చిన ఆఖరి శాఖ ఇది. 2024 సెప్టెంబరుతో ఆపేస్తామని మొదట అన్నారు, తర్వాత గడువును పలుమార్లు పొడిగించారు. ప్రస్తుత గడువు ఎంతో మొజిల్లా సపోర్ట్ పేజీలో చూసి క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. కొత్త సౌకర్యాలేమీ రావు, ఆ గడువు వరకు భద్రతా మరమ్మతులు మాత్రమే వస్తాయి. ఆ మరమ్మతుల కోసమే మనం దీన్ని పెట్టుకునేది.

ఎక్కించే పద్ధతి ఇది. స్టార్ట్ మెనూలో విన్‌వర్ అని కొట్టండి. బిల్డ్ 7601, సర్వీస్ ప్యాక్ 1 అని కనపడాలి. 7600 అని వస్తే సర్వీస్ ప్యాక్ 1 లేనట్టు, ముందు అది వెయ్యాలి. మొజిల్లా సొంత సైట్‌లో తప్ప ఇంకెక్కడా డౌన్‌లోడ్ చెయ్యకండి. ఈఎస్ఆర్‌లో 115 శాఖనే ఎంచుకోండి, 128, 140 విండోస్ 7లో నడవవు. మీకు కావాల్సింది 32 బిట్‌ది. భాషల పట్టికలో తెలుగు కూడా ఉంది, మెనూలు తెలుగులో కావాలంటే అదే తీసుకోండి.

ఎక్కాక క్రోమ్‌ను పూర్తిగా మూసేసి, ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఇంపోర్ట్ డేటా నొక్కండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వచ్చేస్తాయి. పాస్‌వర్డ్‌లు రాకపోతే క్రోమ్ సెట్టింగ్స్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేసి ఇక్కడ దింపుకోవచ్చు. అయితే ఆ ఫైల్లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. పని కాగానే షిఫ్ట్ డిలీట్ కొట్టండి, డెస్క్‌టాప్ మీద వదిలెయ్యొద్దు.

చివరగా హెల్ప్‌లో అబౌట్ ఫైర్‌ఫాక్స్ తెరవండి. వెర్షన్ నంబరు పక్కన ఈఎస్ఆర్ అని ఉండాలి, 115 తర్వాతి అంకె ఎంత పెద్దదైతే అంత కొత్తది. ఎక్కడో దాచిపెట్టిన పాత 115 ఇన్‌స్టాలర్ వాడితే ఇంకో చిక్కు ఉంది. యాడ్ ఆన్‌లు అసలువేనని తేల్చడానికి వాడే మొజిల్లా రూట్ సర్టిఫికెట్ ఒకటి 2025 మార్చి 14న గడువు తీరింది. 115.13 కంటే పాత ఈఎస్ఆర్‌లలో యాడ్ ఆన్‌లు పనిచెయ్యకుండా పోవడానికి కారణం అదే.

---

సర్వీస్ బెంచ్:

పై సలహా సరైనదే. అయితే బ్రౌజర్ ఎక్కించే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. లేకపోతే ఫైర్‌ఫాక్స్ పెట్టాక కూడా సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చూపే గుర్తింపు పత్రం) ఎర్రర్లు వస్తాయి, తప్పేమో బ్రౌజర్ మీద పడుతుంది.

ముందు గడియారం. కోర్ 2 డ్యుయో కాలం బోర్డుల్లో, సిస్టమ్ ఆపినా తేదీని నిలబెట్టే సీమాస్ బ్యాటరీ ఈపాటికి అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పుడు ప్రతి సైటు సర్టిఫికెట్టూ ఇంకా అమల్లోకి రానిదిగా కనపడుతుంది, ఏ సైటూ తెరుచుకోదు. సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ కొనండి. సిస్టమ్ ఆపి, పవర్ కేబుల్ పీకి మార్చండి. రాత ఉన్న వైపు పైకి ఉండాలి. తర్వాత బయోస్‌లో తేదీ, విండోస్‌లో టైమ్ జోన్ సరిచూడండి.

రెండోది విండోస్ అప్‌డేట్. 2019 నడిమి నుంచి మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్లను షా-2 అనే కొత్త రకం డిజిటల్ సంతకంతోనే ఇస్తోంది. ఆ సంతకాన్ని గుర్తుపట్టే ప్యాచ్‌లు లేని విండోస్ 7 వాటిని తీసుకోదు, 0x80092004 అని ఎర్రర్ ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి కేబీ నంబర్లతో ఉండే ప్యాచ్‌లలో ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419 దింపి ఇదే వరుసలో వెయ్యండి, మధ్యలో రీస్టార్ట్ అడిగితే చెయ్యండి. 32 బిట్‌కి ఎక్స్86 అని ఉన్న ఫైలు, ఎక్స్64 కాదు. ఈమధ్యే ఫార్మాట్ చేసిన సిస్టమ్‌లో అప్‌డేట్ వెతుకుతూ వెతుకుతూ 80072ఈఎఫ్ఈ అని ఆగిపోతే కేబీ3138612 విడిగా వేస్తే కదులుతుంది.

షాపులో మిగతా సిస్టమ్‌లతో ఫోల్డర్లు షేర్ చేస్తుంటే కేబీ4012212 కానీ, దాని తర్వాతి మంత్లీ రోలప్ ఏదైనా కానీ ఉందో లేదో చూడండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ పాకింది ఆ ప్యాచ్ మూసే రంధ్రంలోంచే. బ్రౌజర్ ఎంత కొత్తదైనా ఈ దారి మూసుకోదు.

మూడోది యాంటీవైరస్. కొన్ని పాత యాంటీవైరస్‌లు హెచ్‌టీటీపీఎస్‌ను మధ్యలో విప్పి చూసి, తమ సొంత సర్టిఫికెట్ తగిలించి బ్రౌజర్‌కి ఇస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కి తన సర్టిఫికెట్ల పట్టిక తనకే ఉంటుంది కాబట్టి, జారీ చేసినవారు ఎవరో తెలియదంటూ పేజీని ఆపేస్తుంది. ఎర్రర్ పేజీలో వ్యూ సర్టిఫికెట్ నొక్కి జారీ చేసినవారి పేరు చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరుంటే దాని సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపెయ్యండి. "రిస్క్ తీసుకుని ముందుకు వెళ్లు" అనే బటన్ నొక్కడం మాత్రం అలవాటు చేసుకోవద్దు.

రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ ఖాతా పెట్టుకోండి. పేజ్‌మేకర్ అడ్మిన్ హక్కులు అడుగుతోందంటే దాని షార్ట్‌కట్ ఒక్కదానికే ఇవ్వొచ్చు. బ్రౌజర్‌ను అడ్మిన్‌గా నడపాల్సిన అవసరం లేదు.

---

పేజ్‌మేకర్_పని:

ఇద్దరికీ ధన్యవాదాలు. తేదీ సరిగ్గానే ఉంది, రెండు కేబీలు ఎక్కాయి, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వచ్చింది. మెసేజింగ్ సైట్ తెరుచుకుంటోంది. కానీ రెండు ఇబ్బందులు మిగిలాయి. అబౌట్ ఫైర్‌ఫాక్స్‌లో "మీ సంస్థ అప్‌డేట్లను ఆపింది" అని వస్తోంది. ఇక్కడ సంస్థ అంటూ ఏమీ లేదు, సిస్టమ్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నది. రెండోది, పీడీఎఫ్‌లు కలిపే ఒక సైట్ తెల్లగా ఉండిపోతోంది. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే ఎర్రగా "ప్రామిస్.విత్‌రిజాల్వర్స్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఉంది. యూజర్ ఏజెంట్ మార్చితే సరిపోతుందని ఒకరు అన్నారు, నిజమేనా?

---

తాళంచెవి:

మొదటిది పాత యజమాని పెట్టిన పాలసీ. అడ్రస్ బార్‌లో అబౌట్:పాలసీస్ కొట్టండి, డిసేబుల్ యాప్ అప్‌డేట్ అనే వరస కనపడుతుంది. అది సాధారణంగా ఉండే చోట్లు రెండు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని మొజిల్లా ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అనే సబ్‌ఫోల్డర్, అందులో పాలసీస్ పేరుతో ఒక జేసన్ ఫైలు. మీద మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఆ ఫోల్డర్ పోకపోవచ్చు. అక్కడ లేకపోతే రెజ్ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్ వరకు వెళ్లండి. మొత్తం కీ తీసెయ్యొద్దు. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని, ఆ ఒక్క విలువ తీసెయ్యండి. ఫైర్‌ఫాక్స్ మూసి తెరిస్తే అప్‌డేట్ బటన్ తిరిగి వస్తుంది.

రెండోదానికి యూజర్ ఏజెంట్ మందు కాదు. యూజర్ ఏజెంట్ అంటే బ్రౌజర్ సైటుకి చెప్పుకునే పేరు, అంతే. సైటు పేరు మాత్రమే చూసి గుమ్మం దగ్గర ఆపేస్తుంటే పేరు మార్చి లోపలికి పోవచ్చు. మీకు వచ్చిన ఎర్రర్ వేరు. ఆ సైటు జావాస్క్రిప్ట్‌లో పిలుస్తున్న ఫంక్షన్ ఫైర్‌ఫాక్స్‌లోకి 121తో, క్రోమ్‌లోకి 119తో వచ్చింది. మీ 115లో ఆ ఫంక్షనే లేదు. పేరు మార్చినా అదే వరుస దగ్గర స్క్రిప్ట్ ఆగిపోతుంది. పేజీని కట్టాల్సింది ఆ స్క్రిప్టే కనుక మీకు తెలుపు తప్ప ఏమీ కనపడదు.

తెల్ల పేజీ వచ్చినప్పుడల్లా ఎఫ్12 చూడండి. "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అనో, సింటాక్స్ ఎర్రర్ అనో ఉంటే ఎక్కువగా బ్రౌజర్ వయసు సమస్యే. ఏవో ఫైళ్లు బ్లాక్ అయ్యాయని ఉంటే యాడ్ బ్లాకర్ ఆపి చూడండి.

అలాంటి సైట్ల కోసం రెండో బ్రౌజర్‌గా సూపర్‌మియం పెట్టుకోవచ్చు. కొత్త క్రోమియంను పాత విండోస్‌ల మీద నడిచేలా మార్చిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. 32 బిట్ కూర్పు ఉంది. గిట్‌హబ్‌లోని ప్రాజెక్టు పేజీ నుంచే తీసుకోండి, కొత్త కూర్పు వచ్చిందేమో మీరే చూస్తూ ఉండండి. నడిపేది చిన్న బృందం, క్రోమ్‌లో వచ్చిన మరమ్మతు ఇందులోకి చేరడానికి సమయం పడుతుంది. అందుకే పీడీఎఫ్ కలపడం లాంటి పనులకు సరే, మెయిల్, బ్యాంకు దాంట్లో తెరవొద్దు. పాస్‌వర్డ్‌లు సేవ్ చెయ్యొద్దు.

మీ ర్యామ్‌కి ఫైర్‌ఫాక్స్ బరువనిపిస్తే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ వేసుకోండి, ప్రకటనల స్క్రిప్టులు పోతే తేడా వెంటనే తెలుస్తుంది. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫైలు తెరిచే ముందు అబౌట్:అన్‌లోడ్స్ పేజీలో అన్‌లోడ్ బటన్ నొక్కితే పక్కన పెట్టిన ట్యాబ్‌లు మూసుకోకుండానే మెమరీ వదిలేస్తాయి.

---

పెంగ్విన్_పక్షం:

మూడో ప్రశ్న మిగిలిపోయింది కదా. నా మాట కచ్చితంగా ఇదీ: విండోస్ 7లో బ్యాంకు తెరవొద్దు, ఫైర్‌ఫాక్స్ 115లో అయినా సరే. బ్రౌజర్‌కి మరమ్మతులు వచ్చినా కింద ఉన్న విండోస్‌కి రావడం లేదు. మామూలు మద్దతు 2020 జనవరి 14న, డబ్బు కట్టి తీసుకునే అదనపు మద్దతు కూడా 2023 జనవరి 10న ముగిశాయి. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరం ఆ విండోస్ గుండానే బ్రౌజర్‌కి చేరాలి.

అదే మిషన్‌లో హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపొచ్చు. విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన ప్రాసెసర్ 32 బిట్ అయిపోదు, కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే. రూఢి చేసుకోవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పెర్ఫార్మెన్స్ ఇన్ఫర్మేషన్ తెరిచి వివరాల లింకు నొక్కండి, 64 బిట్ కేపబుల్ పక్కన యెస్ అని ఉంటుంది. లినక్స్‌లో 4 జీబీ ర్యామ్ దాదాపు మొత్తం వాడకానికి వస్తుంది, బోర్డు చిప్‌సెట్ ఒప్పుకుంటే.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. మింట్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ డిస్క్ నకలు) దాని మీద రాయడానికి రూఫస్ అనే టూల్ వాడండి. కొత్త రూఫస్ విండోస్ 7లో నడవదు, దానికి పనిచేసే ఆఖరిది 3.22. పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, టార్గెట్ బయోస్, పర్సిస్టెంట్ స్లైడర్ సున్నా దగ్గరే. రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కండి. అది బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12 ఉంటుంది.

ఒక్కటి మరవద్దు. ఐఎస్ఓ ఎన్నాళ్లదో అందులోని ఫైర్‌ఫాక్సూ అన్నాళ్లదే. నెట్ తగిలించగానే అప్‌డేట్ మేనేజర్‌లో మిగతావాటి టిక్కులు తీసేసి ఫైర్‌ఫాక్స్ ఒక్కటీ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే బ్యాంకు తెరవండి. మిషన్ ఆపగానే అంతా చెరిగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ ఈ పని ఉంటుంది. రోజూ బ్యాంకు పని ఉంటే ఇది విసుగే. అప్పుడు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ విడిగా తగిలించి మింట్ దాని మీద పూర్తిగా ఎక్కించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ఉన్న హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకి ఉంచితే పేజ్‌మేకర్ ఫైళ్లకు ఏ ప్రమాదమూ ఉండదు. పని అయ్యాక కేబుల్ మళ్లీ పెట్టి, ఏది కావాలో బూట్ మెనూలో ఎంచుకోండి.