అప్‌డేట్: పగ్‌ను పెంచుకోవడానికి మేము సిద్ధమేనా?

పగ్ జాతి కుక్కపిల్లను తెచ్చుకోవడానికి మా ఇల్లు అనువైనదేనా అని ఇంతకుముందు అడిగాను. ప్రస్తుతానికి వాయిదా వేయాలని నిర్ణయించుకున్నాము. ముక్కు పొట్టిగా, శ్వాసమార్గం ఇరుకుగా ఉండడం వల్ల పగ్‌లు రొప్పుతూ ఒంటి వేడిని సరిగా తగ్గించుకోలేవని, అందువల్ల వేడి ఎక్కువగా ఉన్న వేళల్లో వాటిని గమనించే మనిషి దగ్గర ఉండాలని పశువైద్యురాలు వివరించారు. పగలంతా తాళం వేసి ఉండే మా ఇంటికి అసలు అడ్డంకి ఇదే. మెలకువగా ఉన్నప్పుడు కూడా గురక వినిపిస్తే దాన్ని ముద్దుగా కాక, శ్వాస ఇబ్బందికి సంకేతంగా చూడాలన్నారు. ముఖం ముడతలను తుడిచి పొడిగా ఉంచడం, ఉబ్బెత్తు కళ్ళకు గాయం కాకుండా చూడడం, బరువు సుమారు 8 కిలోలు దాటనివ్వకపోవడం మాకు కష్టం కాదు (రాలే వెంట్రుకల సంగతి వేరు). నాకు ఇంటి నుంచి పనిచేసే వీలు కుదిరాక, శ్వాస తీరు ముందే తెలుస్తుంది కనుక, పిల్లను కాకుండా ఎదిగిన పగ్‌నే దత్తత తీసుకుంటాము.